వెన్నుపాము దెబ్బతిన్నవారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక: కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్డు ప్రమాదం, తాటిచెట్టు మీది నుంచి జారిపడటం, కట్టడం పనిలో సారువ కూలడం, పిట్టగోడ లేని మిద్దె మీద నిద్రలో దొర్లిపడటం వంటి ఘటనల తరువాత నడుము కిందనో మెడ కిందనో చలనం పోయినవారిని ఇంటికి తెచ్చుకున్న కుటుంబాల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు రాశాము. ఇవి డాక్టరు సలహాకు బదులు కావు. గాయపడిన మనిషికే వీటిని మొదట చదివి వినిపించండి. ఆ శరీరాన్ని ఎలా చూసుకోవాలో అందరికంటే బాగా తెలియవలసింది ఆ మనిషికే.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మరి కాళ్లు ఎందుకు కదలడం లేదు?

వెన్నెముక వేరు, దాని లోపల ఉండే నరాల కట్ట, అంటే వెన్నుపాము, వేరు. రాడ్లు, స్క్రూలు వేసి చేసే ఆపరేషన్ విరిగిన ఎముకను నిలబెడుతుంది, నరాల మీద పడిన ఒత్తిడిని తీసివేస్తుంది. అప్పటికే నలిగిపోయిన వెన్నుపామును అతికించే శస్త్రచికిత్స మాత్రం ఇంతవరకు లేదు. అందువల్ల ఆపరేషన్ బాగా జరిగిందన్న మాటా నిజమే, కాళ్లు కదలడం లేదన్న బాధా నిజమే. ఈ తేడాను ఆసుపత్రిలోనే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఆపరేషన్ చెడిపోయిందేమోనన్న అనుమానంతో ఊరూరా తిరిగే శ్రమ చాలా కుటుంబాలకు తప్పేది.

మళ్లీ నడుస్తారా?

గాయం ఏ ఎత్తులో అయింది, వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నదా, కొంత భాగం మిగిలిందా అన్నదాన్ని బట్టి జవాబు ఉంటుంది. డాక్టర్లు ఈ తీవ్రతకు ఎ (A) నుంచి ఇ (E) వరకు ఇంగ్లీషు అక్షరాలు వేస్తారు. ఎ అంటే మలద్వారం చుట్టూ ఉన్న స్పర్శ, పట్టుతో సహా గాయం కింద ఏదీ మిగలలేదని అర్థం. ఇ అంటే పరీక్షలో స్పర్శ, బలం మామూలుగా ఉన్నాయని అర్థం. మొదటి రోజుల్లో వెన్నుపాము షాక్‌లో, అంటే తాత్కాలికంగా స్తంభించి, ఉంటుంది కాబట్టి అప్పుడు చూసినదే చివరి మాట కాదు. వచ్చే మెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లో, ఆ తరువాత కొంత ఏడాది, ఏడాదిన్నర వరకు కనిపిస్తుంది. మీవారి అక్షరం ఏదో, గాయం ఎత్తు ఏదో డాక్టరును అడిగి డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. నడక వచ్చేదాకా మిగతావన్నీ ఆపేద్దామనుకోవడం మాత్రం పొరపాటు. ఆ ఎదురుచూపుల్లోనే చర్మం, మూత్రపిండాలు, చదువు, ఉద్యోగం దెబ్బతింటాయి.

పునరావాస చికిత్స అంటే ఫిజియోథెరపీయేనా?

ఫిజియోథెరపీ అందులో ఒక భాగం మాత్రమే. మంచం నుంచి చక్రాల కుర్చీలోకి మారడం, స్వయంగా మూత్రం తీసుకోవడం, చర్మాన్ని చూసుకోవడం, స్నానం, బట్టలు, వంట, తిరిగి పనికి వెళ్లడం ఇవన్నీ వారాల తరబడి నేర్పించేదే పునరావాసం. తెలుగువారికి దగ్గరలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి ఈ పనిలో దీర్ఘకాలపు అనుభవం ఉంది. అక్కడి డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. అమెరికాలో పునరావాస వైద్యం చదివి వచ్చి ఆ విభాగాన్ని నిర్మించారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. ఢిల్లీలోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్‌ను స్థాపించిన మేజర్ అహ్లూవాలియా కూడా 1965లో ఎవరెస్టు ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి కుర్చీకి పరిమితమైనవారే. మొదటి కొన్ని నెలల్లోనే ఇటువంటి చోట నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉండగలిగితే, ఆ ఖర్చు తరువాతి కాలంలో పుండ్లకు, జ్వరాలకు పెట్టే ఖర్చు కంటే తక్కువే అవుతుంది. అంత దూరం వెళ్లలేనివారు దగ్గరలోని బోధనాసుపత్రిలో ఫిజికల్ మెడిసిన్ (పునరావాస వైద్య) విభాగం ఉందేమో విచారించండి.

పడక పుండ్లు రాకుండా ఏం చేయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. మామూలు మనిషి నిద్రలో కూడా తెలియకుండానే పక్కకు తిరుగుతాడు, ఎందుకంటే ఒకే చోట బరువు పడితే చర్మం నొప్పి పెట్టి హెచ్చరిస్తుంది. స్పర్శ లేనివారికి ఆ హెచ్చరిక అందదు. ఎముక ఉబ్బుగా ఉండే చోట్ల, అంటే పిరుదుల మధ్య, కూర్చునే ఎముకల కింద, తుంటి పక్కన, మడమల దగ్గర, రక్తం ఆడక కొన్ని గంటల్లోనే లోపలి కండ చచ్చిపోవడం మొదలవుతుంది. పైన చిన్న మచ్చ మాత్రమే కనిపించినా లోపల గుంట పెద్దదై ఉండవచ్చు.

మంచం మీద ఉన్నంతసేపు పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. రాత్రి పూట ఫోనులో అలారం పెట్టుకుని ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోవడం మంచిది. చర్మం బాగా తట్టుకుంటున్నదని కొన్ని వారాలు గమనించాక, డాక్టరును అడిగి ఆ వ్యవధిని కొద్దికొద్దిగా పెంచవచ్చు. మడమలు పరుపును తాకకుండా పిక్కల కింద దిండు పెట్టండి. ఎవరినీ పరుపు మీద ఈడ్చకండి, దుప్పటితో సహా పైకెత్తి జరపండి. గాలి పరుపు సాయపడుతుంది కానీ, అది ఉంది కదా అని పక్క మార్చడం మానితే పుండు వచ్చి తీరుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు ప్రతి పదిహేను నుంచి ముప్పై నిమిషాలకొకసారి ముందుకో పక్కకో బాగా వంగి, ఒకటి రెండు నిమిషాలు ఆ బరువును తీసివేయాలి. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి గాలి దిండ్లు వాడకండి. అవి చుట్టూ రక్తాన్ని అడ్డుకుని మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి.

ఉదయం, రాత్రి చర్మం అంతా చూడాలి. చేతులు పనిచేసేవారు పొడవాటి పిడి ఉన్న అద్దంతో, లేదా ఫోనులో ఫొటో తీసుకుని తమ వీపు, పిరుదులు తామే చూసుకోవడం నేర్చుకోవాలి. చామనచాయ చర్మం మీద ఎరుపు తెలియదు కాబట్టి చుట్టుపక్కల కంటే నల్లబడిన, వేడిగా ఉన్న, గట్టిపడిన చోటు ఏదైనా ఉందా అని చేత్తో తాకి చూడండి. అటువంటి చోటు కనిపిస్తే అది మామూలు రంగుకు వచ్చేదాకా దాని మీద బరువు పడనివ్వకండి. అక్కడ రుద్దడం, మర్దన చేయడం అసలు వద్దు.

పుండు ఇప్పటికే పడింది. ఏ మందు రాయాలి?

ముందు బరువు తీయండి. ఆ పుండు మీదే కూర్చుంటూ ఎంత ఖరీదైన మందు రాసినా మానదు. పసుపు, పౌడరు, ఆకుపసర్లు లోపల పెట్టకండి. సెలైన్‌తో కడిగి, డాక్టరో నర్సో చెప్పిన కట్టు కట్టండి. పప్పు, గుడ్డు, పాలు, చేప వంటి మాంసకృత్తులున్న ఆహారం పెంచండి. పథ్యం పేరుతో గుడ్డూ మాంసమూ మాన్పించడం వల్ల పుండ్లు మానక నెలల తరబడి బాధపడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఎముక కనిపించినా, చెడు వాసన, జ్వరం, చలి వచ్చినా ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించాలి.

మూత్రపు గొట్టం ఎంతకాలం ఉంచాలి?

శాశ్వతంగా ఉంచవలసిన అవసరం చాలామందికి లేదు. రోజుకు నాలుగు నుంచి ఆరు సార్లు, అంటే నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి, సన్నని గొట్టం పెట్టి మూత్రం తీసి, వెంటనే గొట్టం బయటకు లాగేసే పద్ధతి ఉంది. 1972లో అమెరికాలో డాక్టర్ లాపిడెస్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఆపరేషన్ గదిలోలా పూర్తి క్రిమిరహితంగా లేకపోయినా, చేతులు సబ్బుతో కడుక్కుని శుభ్రంగా చేస్తే చాలని, వేళకు మూత్రాశయం ఖాళీ కావడమే ముఖ్యమని ఆయన చూపించారు. ఒక్కసారి తీసే మూత్రం 500 మిల్లీలీటర్లు దాటకూడదు. దాటుతున్నదంటే నీళ్లయినా తగ్గించాలి, వ్యవధి అయినా తగ్గించాలి. ఒక పుస్తకంలో వేళ, తాగిన నీరు, వచ్చిన మూత్రం మూడూ రాసుకుంటే రెండు వారాల్లో ఆ శరీరం తీరు తెలిసిపోతుంది.

చేతులు పనిచేసేవారు దీన్ని తామే చేసుకోవాలి. భార్యో తల్లో చేస్తే వేగంగా అయిపోతుందన్నది నిజమే కానీ, ఆ అలవాటు పడితే వారు ఊరికి వెళ్లలేరు, వీరు బయటకు వెళ్లలేరు. చేతులు పనిచేయని వారికీ, ఎప్పుడూ గొట్టం ఉండక తప్పనివారికీ నెలకొకసారైనా గొట్టం మార్చాలి, సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కింద వేలాడాలి, గొట్టం కాలికి అతికించి ఉండాలి. గొట్టం లేకుండా పొట్ట నొక్కి మూత్రం పోయించడం డాక్టరు చెప్పకుండా చేయకండి. లోపల ఒత్తిడి పెరిగి మూత్రం మూత్రపిండాల్లోకి ఎగదన్నవచ్చు. ఒకప్పుడు వెన్నుపాము గాయపడినవారిలో ఎక్కువమంది కిడ్నీలు చెడిపోయే చనిపోయేవారు. ఆ పరిస్థితి మారిందంటే మూత్రాశయాన్ని ఇలా చూసుకోవడం వల్లనే. ఏడాదికొకసారి కిడ్నీల స్కానింగ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి.

మూత్ర పరీక్షలో క్రిములు ఉన్నాయన్నారు. ప్రతిసారీ యాంటీబయాటిక్స్ వాడాలా?

గొట్టం వాడేవారి మూత్రంలో క్రిములు ఉండటం మామూలే. జ్వరం, చలి, మూత్రంలో రక్తం, కొత్తగా కారిపోవడం, కాళ్ల బిగుసు ఒక్కసారిగా పెరగడం వంటి లక్షణాలు ఉంటేనే చికిత్స అవసరం. ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ పరీక్షకు మూత్రం ఇచ్చాకే మందు మొదలుపెట్టమని అడగండి. లక్షణాలు లేకుండా మాటిమాటికీ వాడితే, నిజంగా అవసరమైన రోజున ఏ మందూ పనిచేయని స్థితి వస్తుంది.

మలవిసర్జన అదుపులో లేదు. బయటకు వెళ్లడానికే భయంగా ఉంది.

పేగుకు ఒక వేళ అలవాటు చేయవచ్చు. రోజూగానీ రోజు విడిచి రోజుగానీ ఒకే సమయంలో, తిన్న అరగంట తరువాత, వీలైతే కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టి ప్రయత్నించాలి. తిన్నాక పేగు సహజంగా కదులుతుంది కాబట్టి ఆ వేళను వాడుకుంటాము. చేతికి గ్లవ్ వేసుకుని, జెల్ రాసి, వేలిని మలద్వారం లోపల మెల్లగా గుండ్రంగా తిప్పితే చాలామందిలో పేగు స్పందిస్తుంది. గాయం నడుము కింది భాగంలో ఉన్నవారిలో ఆ స్పందన ఉండదు, అటువంటప్పుడు వేలితో తీయవలసి వస్తుంది. ఈ పద్ధతిని ఒకసారి నర్సు దగ్గర చూసి నేర్చుకోండి. కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. వేళ కుదిరాక పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ వెళ్లడం మొదలుపెట్టినవారు ఎందరో ఉన్నారు.

తల పగిలిపోతున్నదని అంటారు, ముఖం ఎర్రబడి చెమటలు పడతాయి. ఏమిటిది?

గాయం ఛాతీ భాగంలోని ఆరో నరానికి, అంటే టి6కి, లేదా దానికి పైన ఉన్నవారిలో ఇది ప్రాణాపాయ సూచన. కింద ఏదో బాధ కలుగుతున్నది, దాన్ని మెదడు తెలుసుకోలేదు, శరీరం మాత్రం బీపీని పెంచేస్తుంది. వీరికి మామూలుగా బీపీ పై అంకె 90, 100 ఉంటుంది కాబట్టి 140 కూడా వీరికి ఎక్కువే. పడుకోబెట్టకండి. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి దించండి. బెల్టు, బిగుతు బట్టలు, కాలి సంచి పట్టీలు వదులు చేయండి. మూత్రపు గొట్టం మెలిపడిందేమో, సంచి నిండిందేమో చూడండి. గొట్టం లేకపోతే వెంటనే మూత్రం తీయండి. చాలాసార్లు అక్కడే తగ్గిపోతుంది. తగ్గకపోతే మలం గడ్డకట్టడం, పుండు, కాలిగోరు లోపలికి పెరగడం వంటివి కారణం కావచ్చు. అప్పటికీ దిగకపోతే 108కి ఫోన్ చేయండి. ఈ స్థితిని చూడని డాక్టర్లు కూడా ఉంటారు కనుక, ‘ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా’ అన్న పేరు, మీవారి మామూలు బీపీ ఒక కాగితం మీద రాసి పర్సులో ఎప్పుడూ ఉంచండి.

ఎండాకాలంలో ప్రత్యేక జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి. గాయం పైభాగంలో ఉన్నవారికి గాయం కింద చెమట పట్టదు, ఒళ్లు చల్లబడదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో వారిని పడుకోబెడితే వడదెబ్బ త్వరగా తగులుతుంది. తడి గుడ్డ, ఫ్యాను, నీళ్లు దగ్గర ఉంచండి. కాలిన నాపరాయి మీద ఉత్త కాళ్లు పెట్టడం, ఒళ్లో వేడి టీ గ్లాసు పెట్టుకోవడం, వేడినీళ్ల సంచీతో కాపడం పెట్టడం వల్ల బొబ్బలు లేచేదాకా ఎవరికీ తెలియదు.

కాళ్లు వాటంతటవే ఎగురుతున్నాయి. నరాలు తిరిగి వస్తున్నట్టా?

కాదు. మెదడు అదుపు తప్పిన వెన్నుపాము ప్రతిచర్య అది. మనసు పెట్టి బొటనవేలిని కదిలించగలిగితే అది వేరు, దాన్ని డాక్టరుకు చెప్పండి. బిగుసు నిద్రకూ కూర్చోవడానికీ అడ్డు వస్తుంటే రోజూ కీళ్లు మెల్లగా చాపించడం, బాక్లోఫెన్ వంటి మందులు ఉపయోగపడతాయి. బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా మానకూడదు. స్పర్శ లేని కాళ్లలో మంట, కరెంటు షాక్ లాంటి నొప్పి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మండి. అది నరాల నొప్పి, దానికి వేరే మందులు ఉన్నాయి.

నాటువైద్యం, మర్దన, స్టెమ్ సెల్ (మూలకణ) చికిత్సల సంగతి?

చేయి విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లే అలవాటు మనకు ఉంది కానీ, వెన్నుపాముకు ఏ కట్టూ పనిచేయదు. నడవని కాళ్ల ఎముకలు కొన్ని నెలల్లోనే పలచబడతాయి, గట్టి మర్దనతో తొడ ఎముక విరిగినా నొప్పి తెలియదు. స్టెమ్ సెల్ చికిత్స విషయంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, మిగతావన్నీ అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే జరగాలి. పరిశోధనలో పాల్గొనేవారి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. మీ దగ్గర లక్షలు అడుగుతున్నారంటే అది పరిశోధన కాదు. దయచేసి పొలం అమ్మకండి. ఆ డబ్బుతో మంచి కుర్చీ, దిండు, బాత్రూము, ర్యాంపు వస్తాయి.

ఇంట్లో ఏమేం మార్చాలి?

మంచం ఎత్తు చక్రాల కుర్చీ సీటుతో సమానంగా ఉండాలి. నవారు మంచం కుంగుతుంది కాబట్టి పనికిరాదు. కుర్చీని కొలతలు తీసి, పిరుదుల వెడల్పుకు సరిపడేలా తీసుకోవాలి. ఆసుపత్రి వరండాల్లో కనిపించే వెడల్పాటి ఇనుప కుర్చీ రోగిని తోసుకెళ్లడానికే తప్ప బతకడానికి కాదు. ర్యాంపుకు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. అంత స్థలం లేకపోతే వీధి గుమ్మం వదిలి పెరటి వైపు చూడండి. గడప తీసేయడానికి పెద్దవారు ఒప్పుకోకపోవడం సహజం. గడపకు రెండు వైపులా ఏటవాలు చెక్కలు పెడితే పసుపూ కుంకుమా అలాగే ఉంటాయి, కుర్చీ కూడా దాటుతుంది. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉంటే మంచిది. బాత్రూము తలుపు బయటికి తెరుచుకునేలా మార్చండి.

సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్, పెన్షన్ ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో స్లాట్ అడగండి. దీనితోనే దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, ముడిపడి ఉంది. చాలా సదుపాయాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు నిర్ణయించారు. తెలంగాణలో దివ్యాంగుల పెన్షన్‌ను 2023లో 4,016 రూపాయలకు పెంచారు. అర్హత ఉన్న వర్గంలోనే పేరు చేరిందో లేదో అడిగి చూసుకోండి. పెన్షన్ డబ్బు ఆ మనిషి చేతికే అందాలి.

ప్రమాద పరిహారం, ఉద్యోగం విషయంలో ఏం చేయాలి?

రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయాలని ఇప్పుడున్న చట్టం చెబుతున్నది, కాబట్టి కోలుకున్నాక చూద్దామని ఆగకండి. ఎఫ్ఐఆర్, డిశ్చార్జి కాగితాలు, బిల్లులు, ఆదాయ రుజువు దాచండి. సహాయకుల ఖర్చు కూడా అడగవచ్చు. ప్రమాదంలో పూర్తి వైకల్యం పాలైన ఒక బాలిక కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకుల ఖర్చును జీవితకాలానికి లెక్కగట్టి ఇప్పించింది. వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి. పని స్థలంలో పడినవారికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) ద్వారా గానీ ఉద్యోగుల పరిహార నిబంధనల కింద గానీ హక్కులు ఉంటాయి.

ప్రభుత్వ ఉద్యోగులు రాజీనామా పత్రం మీద సంతకం చేయకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి.

దాంపత్యం, పిల్లల గురించి ఎవరిని అడగాలో తెలియడం లేదు.

పునరావాస వైద్యుడిని సూటిగా అడగండి, ఇది సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు. స్త్రీలకు గాయం తరువాత కొన్ని నెలలు నెలసరి ఆగినా తిరిగి వస్తుంది, గర్భం ధరించే శక్తి సాధారణంగా అలాగే ఉంటుంది. టి6కి పైన గాయమున్నవారి కాన్పు పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి. పురుషుల్లో అంగస్తంభన, స్ఖలనం మారతాయి. వాటికి మందులు, సాధనాలు ఉన్నాయి, వైద్య సాయంతో తండ్రులైనవారూ ఉన్నారు.

ఎవరితోనూ మాట్లాడటం లేదు, చచ్చిపోతే బాగుండునని అంటున్నారు.

‘అలా అనకూడదు’ అని నోరు మూయించకండి. చనిపోవాలనిపిస్తున్నదా అని నేరుగా అడగండి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు, నిద్రమాత్రలు ఇంట్లో అందుబాటులో లేకుండా చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అయిన టెలి మానస్ 14416 నంబరులో పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. డాక్టరుకు చూపించండి, కుంగుబాటుకు మందులు పనిచేస్తాయి. ఇంటి లెక్కలు, పిల్లల చదువు, పొలం కౌలు మాట్లాడేటప్పుడు వారిని పక్కగదిలో వదిలేయకండి. ఇదివరకు ఎవరి మాట మీద ఇల్లు నడిచిందో, ఇప్పుడూ వారి మాట అడగండి. అదే గాయంతో కొన్నేళ్లుగా బతుకుతున్న మరొకరితో ఒక్క గంట మాట్లాడించగలిగితే, మేము పది రోజులు చెప్పినదాని కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

చూసుకునే నాకే నడుము పడిపోయింది. ఏం చేయను?

చాలా ఇళ్లలో ఈ ప్రశ్న అడిగేది భార్య, లేదా తల్లి. ఎత్తడం మానేసి, నున్నటి పలక మీద జరిపి మార్చడం నేర్చుకోండి. వారానికి ఒక పూట మరిదో ఆడపడుచో పూర్తిగా బాధ్యత తీసుకోవాలి. దాన్ని సాయం అని కాకుండా వంతు అని పిలవండి, అడగడం తేలికవుతుంది.

ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్లవచ్చా?

చేతులు బాగా పనిచేస్తూ, కుర్చీలోకి మారడం, మూత్రం తీసుకోవడం వచ్చినవారిని వదలవచ్చు. మొదట అరగంటతో మొదలుపెట్టి పెంచండి. ఫోను మెడలో వేలాడదీయండి, ఛార్జి చూడండి. నీళ్లు, గొట్టాలు, అద్దం చేతికి అందే ఎత్తులో పెట్టండి. పొయ్యి నడుము ఎత్తు నుంచి దించితే టీ తామే పెట్టుకోగలరు. తలుపుకు బయటి నుంచి తాళం వేయకండి. లోపలి గడియను కుర్చీలోంచి అందేలా కిందికి మార్పించి, రెండో తాళంచెవి పక్కింటివారికి ఇవ్వండి.